‘బ్లాక్ బాక్స్’ అనే మాట ఎదురైతే ఎలా చదవాలి?

‘బ్లాక్ బాక్స్’ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది విమాన ప్రమాదమే. అదే మాట సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనో, ఏఐ వార్తలోనో, తత్వశాస్త్ర వ్యాసంలోనో కనబడినప్పుడు విమానం అర్థాన్నే అక్కడా అతికిస్తే విషయం తప్పిపోతుంది, తప్పిందని కూడా మనకు తెలీదు. అందుకని ముందు ఇంట్లోనే ఒక చిన్న పని చేసి చూడండి.

ఒక చెప్పుల డబ్బా తీసుకుని మూతకి మూడు స్క్రూలు బిగించి, పక్కన క, చ, ట అని రాయండి. లోపలివైపు ఆ స్క్రూల మధ్య మీకిష్టమైనట్టు వైరు ముక్కలు కలిపి, మూత మూసి టేపు వేసేయండి. ఇప్పుడు పిల్లలకి ఒక టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు వైర్లు ఇచ్చి, డబ్బా తెరవకుండా లోపల ఏముందో చెప్పమనండి. క-చ మధ్య పెడితే బల్బు వెలిగింది, చ-ట మధ్యా వెలిగింది, క-ట మధ్యా వెలిగింది అనుకుందాం. లోపల మూడు వైర్లున్నాయని వెంటనే చెప్పేస్తారు. కానీ క-చ, చ-ట మధ్య రెండే వైర్లున్నా మూడుచోట్లా వెలుగుతుంది కదా! అలా రెండు వైర్లతో మూడు రకాలుగా కలపొచ్చు, మూడూ ఉన్న పద్ధతి ఇంకొకటి, మొత్తం నాలుగు. ఆ బల్బుతో పొద్దస్తమానం వెలిగించి చూసినా ఆ నాలుగింట్లో ఏదో తేలదు.

సైన్సులో ఈ మాట అర్థం సరిగ్గా ఇదే: ఏం ఇస్తే ఏం వస్తోందో తెలుసు, లోపలి అమరిక తెలీదు. యంత్రాల్లోనూ జీవుల్లోనూ నియంత్రణ ఎలా జరుగుతుందో చదివే శాస్త్రం సైబర్నెటిక్స్. దాని మీద 1956లో వచ్చిన తన పుస్తకంలో బ్రిటిష్ శాస్త్రవేత్త రాస్ ఆష్‌బీ దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు.

టెస్టింగ్‌లో అయితే చూడకపోవడం మనం కావాలని పెట్టుకున్న నియమం. ఒక ఫారం 18 నుంచి 60 ఏళ్ల వాళ్లనే తీసుకోవాలంటే 17, 18, 60, 61 కొట్టి చూస్తాం, కోడ్ జోలికి వెళ్లం. లోగుట్టు అది రాసినవాళ్లకి తెలుసు. ఏఐలో సంగతి వేరు, నాకు అసలు పట్టింపు ఇక్కడే. చాలాసార్లు మూత తెరిచే ఉంటుంది, మోడల్ (అంటే జవాబులిచ్చే ఆ ప్రోగ్రాం) లోపలి కోట్లకొద్దీ అంకెలు కళ్లముందే ఉంటాయి, అయినా ఈ జవాబు ఎందుకొచ్చిందో దాన్ని తయారుచేసినవాళ్లు కూడా చెప్పలేరు. మనుషుల బతుకుల్ని మార్చే నిర్ణయాలకి ఇలాంటివి వద్దని, మొదట్నుంచీ అర్థమయ్యే మోడళ్లే వాడమని కంప్యూటర్ శాస్త్రవేత్త సింథియా రూడిన్ 2019లో వాదించారు, నేనూ ఆ పక్షమే.

తత్వశాస్త్రంలో ఇది మనసు గురించిన ప్రశ్న అవుతుంది: ప్రవర్తన చూసి లోపల ఆలోచన ఉందని చెప్పగలమా? మన డబ్బాలో నాలుగు అమరికలకీ బల్బు ఒకేలా వెలిగింది గుర్తుంచుకుంటే ఆ గొడవంతా తేలిగ్గా అర్థమవుతుంది. సైన్సు ఎలా నడుస్తుందో పరిశీలించిన ఫ్రెంచ్ తత్వవేత్త బ్రూనో లాటూర్ దీన్ని ఇంకోవైపు నుంచి చూశాడు. ఒక యంత్రం బాగా పనిచేస్తున్నంతకాలం దాని లోపలికి ఎవరూ చూడరు, అది పాడైన రోజే అందులోని భాగాలూ దాని వెనకున్న మనుషులూ కనబడతారు.

ఇక విమానంలోది వీటన్నిటికీ ఎదురు. దాని రంగు నారింజ, పెట్టేదే తర్వాత తెరిచి చదవడానికి.

మీరే రాస్తున్నప్పుడు ‘నల్లపెట్టె’ అని మార్చకండి, చదివేవాళ్లు రంగు దగ్గరే ఆగిపోతారు. బ్లాక్ బాక్స్ అనే రాసి, ఏది ఎవరికి కనబడటం లేదో పక్క వాక్యంలో చెప్పండి. ‘లోన్ ఇవ్వనన్న ఆ మోడల్ ఒక బ్లాక్ బాక్స్’ అని వదిలేయొద్దు. ఎందుకు కాదందో బ్యాంకువాళ్లకే తెలీదా, లేక తెలిసీ మనకి చెప్పట్లేదా? మొదటిదైతే మోడల్ మార్చమని అడగాలి, రెండోదైతే కారణం కాగితం మీద రాసిమ్మని అడగాలి.