ఆన్‌లైన్ షాపుకి పోచంపల్లి చీరలు: సరుకు ఎవరి దగ్గర కొనాలి

ఇన్‌స్టాలో "హోల్‌సేల్ రేటు" అని పెట్టేవాళ్లలో చాలామంది మధ్యవర్తులే. తెలంగాణలోని నేత ఊళ్లు భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నేరుగా వెళ్లండి. చేనేత సహకార సంఘంలో ముందు ధరలు చూసుకుని, ఆ తర్వాత మాస్టర్ వీవర్ల (నేతన్నలకు నూలిచ్చి చీరలు నేయించేవాళ్లు) దగ్గర అడిగితే తేడా తెలుస్తుంది.

అసలు చిక్కు పోచంపల్లి పేరుతో అమ్మే ప్రింట్ చీరలతోనే. పోచంపల్లి చీరలది ఇక్కత్ నేత; ఇందులో నూలుకు ముందే రంగు అద్ది నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. వెనక వైపు రంగు వెలిసినట్టుండి, గీతలు మరీ నీటుగా ఉంటే అనుమానించండి. అంచు దగ్గర ఒక పోగు లాగి చూడండి: ఆ పోగు మీదే రంగు మారుతూ లోపలిదాకా పట్టి ఉండాలి. తడి తెల్లగుడ్డతో ముదురు రంగుల్ని రుద్ది చూడటం మరవొద్దు. రంగు దిగే చీర తప్పకుండా రిటర్న్ వస్తుంది.

మొదటిసారి ఇద్దరి దగ్గర అయిదేసి చీరలు చాలు. జీఎస్టీ బిల్లు అడగండి. డ్యామేజ్ చీరను ఎన్ని రోజుల్లో మార్చిస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి, మాట మీద వదిలేయొద్దు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, ప్రతి చీరనూ పూర్తిగా పరిచి పొడవు కొలవండి.

ఒక పడుగు (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు పోగులు) మీద వచ్చేది కొన్ని చీరలే. అదే డిజైన్ మళ్లీ కావాలంటే వారాలు పడుతుంది. అందుకే చేతిలో స్టాక్ లేని చీరకు ఆర్డర్ తీసుకోకండి.