భుజం కీలు తప్పితే: ఏ వయసుకు ఏ జాగ్రత్త

గూడ జారిందనగానే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగబోతారు. లాగనివ్వొద్దు. ఎముక విరిగి ఉంటే ముక్క జరుగుతుంది, చంకలోని నరం నలుగుతుంది. చెయ్యి ఎలా ఉంటే నొప్పి తక్కువో అలాగే ఉంచి, చేతికీ ఒంటికీ మధ్య చిన్న దిండు పెట్టి, కండువాతో మెడకు వేలాడదీయండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. గుడ్డలో చుట్టిన ఐసు 15-20 నిమిషాలు పెట్టొచ్చు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు, కాబట్టి టీ కూడా తాగించొద్దు.

కీలు ఎక్కించే ముందొకసారి, ఎక్కించాక ఒకసారి ఎక్స్‌రే తీస్తారు. భుజం బయటివైపు, చొక్కా చేతి కుట్టుకు కాస్త కింద మొద్దుబారితే డాక్టరుకు ముందే చెప్పండి. కరెంటు షాకు, ఫిట్స్ తర్వాత అయితే కీలు వెనక్కి జారి ఉండొచ్చు: చెయ్యి పొట్ట దగ్గరే ఉండిపోయి బయటికి తిరగదు. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో ఇది తరచూ తప్పిపోతుంది. పక్క నుంచి కూడా తీయించాలి.

ఎక్కించే పద్ధతిలో వయసును బట్టి పెద్ద తేడా ఉండదు. తేడా అంతా తర్వాతే.

చెయ్యి పట్టి లేపితే ఐదేళ్లలోపు పిల్లలకు జారేది చాలావరకు భుజం కాదు, మోచెయ్యి. పదేళ్లలోపు భుజం జారడమే అరుదు. ఎముక పెరిగేచోట విరగడమే ఎక్కువ.

కుర్రాళ్లతోనే చిక్కు. నొప్పి తగ్గగానే కబడ్డీకి పరిగెడతారు, మళ్లీ జారే ముప్పు వాళ్లకే అందరికంటే ఎక్కువ. సాధారణంగా స్లింగ్ (చెయ్యి మెడకు వేలాడదీసే పట్టీ) 2-3 వారాలు. బంతి విసరడానికి చెయ్యెత్తి వెనక్కి తిప్పే భంగిమ 6 వారాలు వద్దు, ఆట 3-4 నెలల దాకా వద్దు. రెండోసారి జారితే ఆపరేషన్ గురించి అడగండి.

నలభై దాటితే లెక్క తిరగబడుతుంది. ఎక్కువ రోజులు కట్టి ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. ఎముక విరగకపోతే సుమారు వారానికే డాక్టరును అడిగి కసరత్తు మొదలుపెట్టాలి: ముందుకు వంగి, మంచి చేత్తో బల్ల పట్టుకుని, రెండో చేతిని వదులుగా వేలాడదీసి చిన్న సున్నాలు చుట్టించాలి, రోజుకు 3-4 సార్లు. రెండు మూడు వారాలైనా చెయ్యి పైకి లేవకపోతే భుజం కండరాల నరం దెబ్బతిందనో, నొప్పి వల్లనో సరిపెట్టుకోవద్దు. భుజం కీలును పట్టి ఉంచే కండరాల నారలు (రొటేటర్ కఫ్) తెగాయేమో స్కాన్ చేయించాలి. ముసలివాళ్లకు రక్తనాళం చిరగొచ్చు: చెయ్యి చల్లబడినా, పాలిపోయినా, చంకలో వాపు పెరిగినా వెంటనే ఆసుపత్రికి.

ఎవరైనా సరే, వేళ్లు, మణికట్టు మొదటి రోజు నుంచే ఆడించాలి. చొక్కా వేసేటప్పుడు దెబ్బ చెయ్యి ముందు, తీసేటప్పుడు చివర. చంక తుడవాలంటే ముందుకు వంగి చెయ్యి వేలాడనిస్తే చాలు, పైకెత్తక్కర్లేదు.