ఇద్దరు పోలీసుల కథ రాయాలంటే ముందు ఒక ఫ్లాప్ సినిమా శ్రద్ధగా చూడండి

హిట్ సినిమా చూసి స్క్రిప్ట్ నేర్చుకోవడం కష్టమండి, అందులో అన్నీ కుదిరిపోయి ఉంటాయి కాబట్టి అతుకులు ఎక్కడున్నాయో మనకి కనపడవు. ఆడని సినిమాలో అవన్నీ పైకే తేలుతాయి. నేను ఒక బడ్డీ కాప్ కథ, అంటే ఇద్దరు పోలీసుల జోడీ కథ, రాసుకుంటున్నప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది 2010లో వచ్చిన కాప్ అవుట్, బ్రూస్ విల్లిస్, ట్రేసీ మోర్గన్ చేసింది. డైరెక్టర్ కెవిన్ స్మిత్, తను రాయని స్క్రిప్టుని ఆయన తీసిన మొదటి సినిమా ఇదే. రివ్యూలు బాగా దెబ్బకొట్టాయి.

మొదటిసారి మామూలుగా చూసేయండి, నోట్స్ వద్దు, ఎక్కడ బోర్ కొట్టి ఫోన్ మీదకి చెయ్యి పోయిందో ఆ టైమ్ మాత్రం రాసుకోండి చాలు. రెండోసారి పేపరూ పెన్నూ పట్టుకుని కూర్చోండి.

ముందు రాయాల్సింది ఒకటే, ఈ ఇద్దరికీ ఒకళ్ళతో ఒకళ్ళకి పనేంటి? పోల్చుకోడానికి 1982 నాటి 48 అవర్స్ సినిమా పక్కన పెట్టుకోండి. అందులో హంతకుణ్ణి పట్టుకోవాలంటే పోలీసుకి జైల్లో ఉన్న ఖైదీ కావాలి, ఖైదీకి బయటికి రావడం కావాలి, ఇద్దరికీ అస్సలు పడదు, ఉన్నది 48 గంటలే. అంటే సీన్ మొదలవకముందే గొడవ రెడీగా ఉంది, అది స్నేహంగా మారడానికి దారీ ఉంది. కాప్ అవుట్‌లో వీళ్ళు తొమ్మిదేళ్ళుగా పార్టనర్స్, మొదటి సీన్‌కే మంచి ఫ్రెండ్స్, ఇంక ఆ స్నేహం ఎక్కడికి పోవాలి చెప్పండి? అసలు జబ్బు ఇదేనని నా నమ్మకం.

తర్వాత ఇద్దరి కష్టాలు పక్కపక్కన రాసి మధ్యలో గీత గీయగలరేమో చూడండి. విల్లిస్ పాత్ర కూతురి పెళ్ళి ఖర్చుకని 1952 నాటి బేస్‌బాల్ కార్డు (ఆటగాడి ఫోటో ఉండే కార్డు, పాతవాటిని సేకరించేవాళ్ళు బాగా డబ్బు పెట్టి కొంటారు) అమ్మబోతే అది దొంగల పాలవుతుంది, ఇంకోపక్క ఆ ఖర్చేదో నేను పెడతానంటూ ఆ అమ్మాయి సవతి తండ్రి రెడీగా ఉంటాడు కాబట్టి డబ్బుతో పాటు పరువు కూడా ఉంది. ఇది నిజంగా మంచి పాయింట్, నాకు చాలా నచ్చింది. మోర్గన్ పాత్రకేమో పెళ్ళాం మీద అనుమానం, బొమ్మలో కెమెరా పెట్టి ఇంట్లో నిఘా. కార్డు దొరికినా దొరక్కపోయినా ఆ అనుమానానికి సంబంధం లేదు. గీత కలవలేదంటే అక్కడ రెండు కథలు ఉన్నట్టు.

సంగీతం కూడా గమనించండి. 1984లో బెవర్లీ హిల్స్ కాప్‌కి చేసిన హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్‌నే తెచ్చారు, చెవికి ఆ కాలం సౌండ్ వినపడుతుంది కానీ ఆ ఊపు మాత్రం సీన్‌లోంచే రావాలి.

ఇక మీరు రాసుకున్న డైలాగులకైతే పాత్రల పేర్లు చేత్తో కప్పేసి చదవండి, ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే ఆ పేజీ మళ్ళీ రాయాల్సిందే.

చివరగా ఇదే కథలో ఒక్కటి మార్చండి, ఈ ఇద్దరూ పార్టనర్స్ అయింది ఇవాళ పొద్దున్నే. కార్డు దొంగతనం అయిన రోజే. ఇప్పుడు వాళ్ళిద్దరూ మొదటిసారి కార్లో కూర్చునే సీన్ మూడు పేజీలు రాయండి, ఆ కార్డు సంగతి విల్లిస్ పాత్ర కొత్త పార్టనర్‌కి చెప్తాడా, దాస్తాడా అన్నది మీరే తేల్చుకోండి.