వానాకాలంలో మారేడుమిల్లి ఘాట్‌కి బండి మీద వెళ్లేవాళ్లకు

జులై, ఆగస్టుల్లో మారేడుమిల్లి అడవిని ఒకసారి చూసినవాళ్లు మళ్లీ వెళ్లకుండా ఉండలేరు. మబ్బు కొండ మీంచి రోడ్డు దాకా దిగివస్తుంది, బండరాళ్ల మీంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. అందుకే వానల్లో వెళ్లొద్దని నేను ఎవరికీ చెప్పను. అనుమానం వచ్చిన చోటల్లా బండి ఆపి, ఎంతసేపైనా కూర్చునే ఓపికతో బయల్దేరమని మాత్రం చెబుతాను. మిగతా జాగ్రత్తలన్నీ దాని తర్వాతే.

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాదాపు 85 కిలోమీటర్లు. వానాకాలంలో దీనికి నాలుగు గంటలు పెట్టుకోండి. పొద్దున్నే ఆరింటికి బయల్దేరితే దారిలో గంటసేపు ఆగినా టెన్షన్ ఉండదు. పదింటికి బయల్దేరినవాళ్లే వానలో గబగబా పోవాలని చూస్తారు.

బ్యాగులో ఒక పుస్తకం తప్పకుండా పెట్టుకోండి. దీన్ని కూడా జాగ్రత్తల్లో భాగంగానే చెబుతున్నాను. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్ ఛార్జింగ్‌ని ఆపదకు దాచుకోవాలి. టీకొట్టు బల్ల మీద ఊరికే కూర్చుంటే పది నిమిషాలకే కాళ్లు నిలవవు. జల్లు కాస్త సన్నబడగానే బండి స్టార్ట్ చేస్తాం. చేతిలో కథల పుస్తకం ఉంటే 'ఈ కథ అయ్యాక చూద్దాం' అనిపిస్తుంది. ఆలోపు వానా తగ్గుతుంది, రోడ్డు మీద నీళ్లూ కొంత జారిపోతాయి. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి బట్టల మధ్యలో దాచండి. బ్యాగు మీద తొడిగే రెయిన్ కవర్‌ని పూర్తిగా నమ్మొద్దు. వీపుకు ఆనుకునే వైపు అది కప్పదు, నీళ్లు అక్కడినుంచే లోపలికి దిగుతాయి.

ఇక బండి సంగతి. ముందు టైర్లు చూడండి. టైరు అంచున టీడబ్ల్యూఐ అని అక్షరాలు గానీ చిన్న త్రికోణం గానీ ఉంటుంది. దానికి సూటిగా గాడి లోపల చిన్న దిమ్మ కనిపిస్తుంది. టైరు అరిగి ఆ దిమ్మతో సమానమైందంటే, ఆ టైరుతో వానలోకి వెళ్లొద్దు. ఏబీఎస్ ఉందన్న ధీమా కూడా వద్దు. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గానీ అరిగిన టైరుకు పట్టు తెచ్చివ్వలేదు. బ్రేకులు, చైను, లైట్లు మెకానిక్‌కి చూపించండి. హెల్మెట్ ఇద్దరికీ కావాలి, ఐఎస్ఐ మార్కుతో. నల్ల వైజర్ ఉంటే తీసేసి తెల్లది వేయించండి. లోపలివైపు కొద్దిగా సబ్బు రాసి పొడిగుడ్డతో తుడిస్తే ఆవిరి అంతగా పట్టదు.

గోకవరం దాకా అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నాకు భయం ఎక్కువ అక్కడే. నాట్ల రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కుతాయి. వాటి వెంట రోడ్డు మీద బురద పెళ్లలు పడతాయి, సన్నజల్లు పడితే చాలు జారుడు బల్ల అయిపోతుంది. మట్టి చాళ్లు కనిపించగానే గేరు తగ్గించి, బండిని నిటారుగా ఉంచి నెమ్మదిగా పోనివ్వండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టొద్దు. ఎండ తర్వాత పడే మొదటి జల్లు కూడా ఇలాంటిదే. దుమ్మూ, ఆయిలూ నీళ్లతో కలిసి పైకి తేలతాయి. పావుగంట ఆగితే వాన వాటిని కొంత కడిగేస్తుంది.

పెట్రోలు రంపచోడవరంలోనే నింపుకోండి. ఘాట్‌లో దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో వదలడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రెండో గేరులో దిగండి, ఇంజినే సగం వేగాన్ని పట్టి ఉంచుతుంది. మలుపు ముందు హారన్ కొట్టి మీ ఎడమ అంచునే ఉండండి. బస్సు మలుపు తిరగడానికి రోడ్డంతా తీసుకుంటుంది. ఎక్కే బండికి దిగేవాళ్లు దారివ్వాలి. రోడ్డు మీద చెట్టుకొమ్మలు పరిచి ఉంటే మలుపు అవతల లారీ ఆగిపోయిందని అర్థం. లారీ వెళ్లిపోయినా చక్రాల కింద పెట్టిన రాళ్లు అక్కడే ఉంటాయి, మబ్బులో అవి కనిపించవు. ఉరుములు మొదలైతే చెట్టు కింద నిలబడకండి.

వాగు రోడ్డు మీంచి పారుతుంటే దాటొద్దు, మోకాలి లోతే అని పక్కవాళ్లు చెప్పినా సరే. కింద రోడ్డు కోసుకుపోయిందేమో పైకి తెలియదు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి. లోపలికి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. బయటికి తోసుకొచ్చి మెకానిక్‌కి చూపించండి.

మారేడుమిల్లి దాటి చింతూరు, భద్రాచలం వెళ్లాలనుకునేవాళ్లు ముందురోజే భద్రాచలం దగ్గర గోదావరి మట్టం చూసుకోవాలి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. గోదావరి పెరిగితే కూనవరం దగ్గర కలిసే శబరి నీళ్లు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. చింతూరు చుట్టుపక్కల రోడ్లు మునిగేది అప్పుడే. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పైన మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో పడిన వానకు ఇక్కడ రోడ్డు తెగిపోతుంది. మారేడుమిల్లిలో టిఫిన్ చేసేటప్పుడు భద్రాచలం వైపు నుంచి వచ్చిన బస్సు డ్రైవర్లను అడగండి. నీళ్లు రోడ్డెక్కాయని చెబితే ఘాట్ దిగొద్దు. మధ్యాహ్నం మూడు దాటినా అంతే. మారేడుమిల్లిలోనే గది చూసుకోండి, సిగ్నల్ ఉండగానే ఇంటికి ఫోన్ చేసి రాత్రికి అక్కడే ఉంటున్నామని చెప్పేయండి.