వార్తల్లో ‘విడుదల’ కనిపిస్తే ఎలా చదవాలి?

వానాకాలంలో హైదరాబాద్ పత్రికల్లో మూసీకి నీటి విడుదల, ఇళ్లకు నిధుల విడుదల, చంచల్‌గూడ జైలు నుంచి నిందితుడి విడుదల పక్కపక్కనే కనిపిస్తాయి. అన్నిచోట్లా ఒకరి అధీనంలో ఉన్నది బయటకు వచ్చింది. అది ఎవరికి, ఎప్పుడు చేరుతుందో మాత్రం ఆ మాట చెప్పదు. వార్తలో మనమే వెతకాలి.

ముందుగా శీర్షికను వదిలి లోపలి క్రియను చూడండి. ‘నేడు ఫలితాల విడుదల’ అని ఉంటే అవి ఇంకా రానట్టే. ‘విడుదల చేశారు’, ‘చేయనున్నారు’, ‘విడుదలకు ఆదేశించారు’ అనేవి మూడూ వేర్వేరు దశలు.

నీటి వార్తయితే ఎక్కడి నుంచి, ఎటు అన్నది చూడండి. సాగర్ ఎడమ కాలువకు విడుదలంటే నల్లగొండ రైతుకు నాట్ల కబురు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తి దిగువకు విడుదలంటే మూసీ ఒడ్డున ఉన్నవారికి హెచ్చరిక. ఆ తర్వాత క్యూసెక్కులు లెక్కించండి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. 5 వేల క్యూసెక్కులని రాస్తే సెకనుకు దాదాపు 1.4 లక్షల లీటర్లు వస్తున్నాయన్నమాట. నిన్నటి అంకెతో పోల్చి, పెరుగుతుంటే చాదర్‌ఘాట్ లోలెవల్ వంతెన మీదుగా వెళ్లే ఆలోచన మానుకోండి.

నిధుల విషయంలో కేటాయింపు, మంజూరు, విడుదల, జమ అనే వరుస గుర్తుంచుకోండి. విడుదల ఉత్తర్వు వచ్చాక కూడా బిల్లు ట్రెజరీలో పాసవ్వాలి. అందుకే ఆ వార్త చూసి అప్పిచ్చినవారికి తేదీ చెప్పకండి. డబ్బు జమ అయినట్టు ఖాతాలో చూసుకున్నాకే చెప్పండి.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది జైలు వార్త. బెయిల్ మంజూరైన రోజే మనిషి బయటకు రాకపోవచ్చు. పూచీకత్తులు సమర్పించాలి, ఉత్తర్వు జైలుకు చేరాలి. బెయిల్‌పై విడుదలైతే కేసు అలాగే ఉంటుంది. ‘నిర్దోషిగా విడుదల’ అంటే విచారణ ముగిసి, నేరం రుజువు కాలేదని కోర్టు తేల్చింది. ఈ రెండింటినీ కలగలిపి వాట్సాప్‌లో పంపడం అన్యాయం. ఒక కుటుంబం పరువు ఆ ఒక్క విశేషణం మీద ఆధారపడి ఉంటుంది.

ఫలితాలకు, హాల్‌టికెట్లకు వెబ్‌సైట్ పేరు, సమయం చూసుకుంటే చాలు. సినిమాకైతే విడుదల థియేటర్‌లోనా, ఓటీటీలోనా అన్నది చూడండి.