ఉప్పునీటి ఆక్వేరియంలో ఆటోమేటిక్ మేత – నాలుగవ పాఠం: కరెంటు పోయి వచ్చినా తప్పు జరగని ఏర్పాటు

మూడవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసం మీరు చేసి ఉంటే, ఈపాటికి మీ దగ్గర ఒక కాగితం మీద ఇరవై అంకెలు ఉండాలి. అవి మేత డ్రమ్మును (మేత గుళికలు నింపి మోటారుతో తిప్పే డబ్బాను) ఇరవైసార్లు తిప్పి, ప్రతిసారీ రాలిన గుళికలను చిన్న డిజిటల్ కాటాలో తూచగా వచ్చిన బరువులు. విశాఖపట్నంలో మా ఇంట్లో ఉన్న ఆరడుగుల తొట్టి మీది డ్రమ్ముకు నేను చేసినప్పుడు మొత్తం 6.2 గ్రాములు, అంటే సగటున ఒక చుట్టుకు 0.31 గ్రాములు వచ్చాయి. కానీ అన్నిటికన్నా తక్కువ రాలిన చుట్టుకు 0.22, అన్నిటికన్నా ఎక్కువ రాలిన చుట్టుకు 0.47 గ్రాములు ఉన్నాయి. చాలామంది సగటును రాసుకుని మిగతా అంకెలను వదిలేస్తారు. మీరు ఆ ఎక్కువ రాలిన చుట్టు కింద గీత గీయండి, ఎందుకంటే నీటిని పాడుచేసేది సగటు చుట్టు కాదు.

మేత నీటిలో ఏమవుతుందో ఒక్క లెక్కతో చూద్దాం. గుళికల డబ్బా మీద ప్రోటీను 45 శాతం అని ఉందనుకోండి. ప్రోటీను బరువులో దాదాపు 16 శాతం నత్రజని. రోజుకు మూడు పూటలు, పూటకు రెండు చుట్లు తిప్పితే 1.86 గ్రాముల మేత పడుతుంది, అందులో నత్రజని 0.134 గ్రాములు. అదంతా చివరకు నైట్రేటుగా మారితే (నత్రజని బరువును 4.43తో గుణించాలి) సుమారు 0.59 గ్రాములు అవుతుంది. మా తొట్టి, సంప్ (పై తొట్టి నుంచి దిగే నీటిని పట్టే కింది తొట్టి) కలిపి రాళ్లు పోగా నికరంగా ఉన్న నీరు 600 లీటర్లు కాబట్టి రోజుకు లీటరుకు దాదాపు 1 మిల్లీగ్రాము పెరుగుతుంది. కొంత చేపల ఒంటికి పడుతుంది, కొంత స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురుగుగా లాగే పరికరం) నురుగుతో బయటకు పోతుంది కాబట్టి నిజంగా పెరిగేది ఇంతకన్నా తక్కువే ఉంటుంది. రోజువారీ మేతను తొట్టి ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది ఒక్కసారిగా వచ్చి పడే మేతను, ఎందుకంటే అది కుళ్లి ముందుగా అమ్మోనియా అవుతుంది, సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉండటం వల్ల అదే అమ్మోనియా మంచినీటి తొట్టిలో కన్నా ఇక్కడ చాలా ఎక్కువ విషం.

అందువల్ల ఈ పాఠమంతా ఒకే నియమం మీద నడుస్తుంది: యంత్రం చెడిపోతే మేత పడకుండా చెడిపోవాలి, ఎక్కువ పడేలా చెడిపోకూడదు. ఒళ్లు చేసిన పెద్ద చేప రెండు మూడు రోజులు తిండి లేకుండా ఇబ్బంది లేకుండా ఉండగలదు. రోజంతా ప్లవకాలను కొంచెం కొంచెంగా తినే ఆంథియాస్ వంటివి త్వరగా చిక్కిపోతాయి, అయినా ఒక రోజు పస్తుకు చావవు. నలభై గ్రాముల గుళికలు ఒకేసారి పడితే మాత్రం ఏ చేపా మిగలకపోవచ్చు.

ముందుగా మేత వేళ పంపులను ఆపే క్రమం. రిటర్న్ పంపు (సంప్ నీటిని తిరిగి తొట్టిలోకి ఎక్కించేది) నడుస్తుండగా మేత వేస్తే, పైన తేలే గుళికల్లో చాలా భాగం ఓవర్‌ఫ్లో (నీరు పొర్లి కిందికి దిగే అంచు) పళ్ల సందుల్లోంచి నేరుగా సంప్‌లోకి వెళ్తాయి. ఆ మేత చేపకు అందదు, ఫిల్టర్ గుడ్డలో కూర్చుని కుళ్లుతుంది. కనుక మేతకు ముందు రిటర్న్ పంపు ఆగాలి. కానీ పంపు ఆగగానే తొట్టిలోని నీరు ఓవర్‌ఫ్లో అంచు వరకు దిగి సంప్‌లోకి చేరుతుంది. ఎంత చేరుతుందో ఊహించకండి, లెక్క వేయండి. మా తొట్టి 183 సెంటీమీటర్ల పొడవు, 61 సెంటీమీటర్ల వెడల్పు. నీరు 2 సెంటీమీటర్లు దిగితే దాదాపు 22 లీటర్లు. సంప్ అడుగు కొలత 90 సెంటీమీటర్లు ఇంటూ 45 కాబట్టి అక్కడ నీరు సుమారు ఐదున్నర సెంటీమీటర్లు లేస్తుంది. సంప్‌లో పైన అంత ఖాళీ లేకపోతే ప్రతి మేతకూ నేల తడుస్తుంది. రిటర్న్ పైపు నోటికి కాస్త పైన, నీటి మట్టం దగ్గర వేసే చిన్న రంధ్రం గాలిని పీల్చుకుని వెనక్కి పారే నీటిని ఆపుతుందని రెండవ పాఠంలో చెప్పుకున్నాం. ఆ రంధ్రంలో ఒక చిన్న నత్త కూర్చున్నా చాలు, నీరు రెండు సెంటీమీటర్లతో ఆగదు, పైపు నోరు బయటపడే వరకు దిగుతూనే ఉంటుంది. నెలకొకసారి పంపు ఆపి, సంప్ గోడ మీద మార్కర్‌తో గీసిన గీత దాకానే నీరు వస్తోందా అని చూసుకోవడం అందుకే.

సంప్‌లో మట్టం పెరిగినప్పుడు స్కిమ్మర్ కూడా నడుస్తుంటే, దాని మెడలో నురుగుకు బదులు నీరే పొంగి కప్పు నిండిపోతుంది, అందులోని మురికంతా తిరిగి సంప్‌లో కలుస్తుంది. కాబట్టి క్రమం ఇది: మొదట స్కిమ్మర్ ఆగాలి, ముప్ఫై సెకన్ల తర్వాత రిటర్న్ పంపు ఆగాలి, నీటి పైభాగం నిలకడగా అయ్యేందుకు ఒక నిమిషం ఆగి డ్రమ్ము తిరగాలి, పది నిమిషాలు చేపలకు వదిలేయాలి, ఆపై రిటర్న్ పంపు మొదలవ్వాలి, సంప్ మట్టం మామూలు స్థితికి వచ్చేందుకు ఐదు నిమిషాలు ఇచ్చి చివరగా స్కిమ్మర్ మొదలవ్వాలి. తొట్టి లోపల అలలు పుట్టించే పంపులను పూర్తిగా ఆపనక్కరలేదు. నేను ఒకదాన్ని తక్కువ వేగంలో నడవనిస్తాను, లేకపోతే బలమైన టాంగ్ చేప ఒక్కటే మేత రాలిన చోట నిలబడి మిగతా వాటిని తరిమేస్తుంది.

ఇప్పుడు రిలేల సంగతి, అంటే ప్రోగ్రాము నడిపే కంట్రోలర్ బోర్డు చెప్పినప్పుడు పరికరాలకు కరెంటును కలిపే, తెంచే స్విచ్చుల సంగతి. రిలేకు రెండు రకాల కొనలు ఉంటాయి: విద్యుత్తు అందనప్పుడు తెరిచి ఉండేది, విద్యుత్తు అందనప్పుడు మూసి ఉండేది. వీటిని అందరూ ఎన్ఓ, ఎన్‌సీ అంటారు. ఏ పరికరాన్ని ఏ కొనకు కలపాలో నిర్ణయించే ముందు ఒక్కో పరికరం గురించి ఒకే ప్రశ్న వేసుకోండి: కంట్రోలర్ బోర్డు చచ్చిపోతే ఇది నడవాలా, ఆగాలా? రిటర్న్ పంపు నడవాలి, ఎందుకంటే నీటికి కదలిక, ఆక్సిజన్ దాని వల్లే. అందుకే అది ఎన్‌సీ కొనకు. డ్రమ్ము మోటారు ఆగాలి, అది ఎన్ఓ కొనకు. స్కిమ్మర్ గురించి కొంత వాదన ఉంది. నా నిర్ణయం ఎన్ఓ, ఎందుకంటే కరెంటు పోయి వచ్చిన క్షణంలో సంప్ నిండుగా ఉంటుంది, అప్పుడు స్కిమ్మర్ వెంటనే మొదలైతే కప్పు పొంగుతుంది. బోర్డు మేలుకుని ఐదు నిమిషాలు లెక్కపెట్టాకే అది మొదలవ్వాలి. బోర్డు పూర్తిగా పోతే స్కిమ్మర్ ఒకటి రెండు రోజులు ఆగినా ప్రమాదం లేదు. హీటరును మాత్రం ఈ బోర్డుకు అసలు కలపవద్దు, దాని థర్మోస్టాట్‌తో దాన్ని వేరుగా ఉండనివ్వండి.

చవకగా దొరికే రిలే బోర్డులు చాలావరకు సిగ్నల్ సున్నా అయినప్పుడు పనిచేసే రకానివి. కంట్రోలర్ మేలుకునే ఆ క్షణంలో దాని పిన్ను ఇంకా ఏ స్థితిలోనూ ఉండదు, రిలే ఒకసారి టక్కుమనవచ్చు. సిగ్నల్ తీగకూ, కంట్రోలర్ సరఫరా ఓల్టేజీకీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఒకటి పెడితే ఆ టక్కు ఆగుతుంది. 230 వోల్టుల తీగలు వచ్చే సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ తప్పనిసరి. తొట్టి నుంచి వచ్చే ప్రతి తీగా ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు తీగ వెంట జారే ఉప్పునీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది.

ఇక కరెంటు కోత. కొన్నేళ్ల క్రితం నేను రాసిన మొదటి ప్రోగ్రాములో, పరీక్షించడానికి వీలుగా ఉంటుందని, బోర్డు మొదలైన ప్రతిసారీ డ్రమ్ము ఒక చుట్టు తిరిగేలా ఒక వరుస పెట్టాను. పరీక్ష అయ్యాక దాన్ని తీసేయడం మరిచిపోయాను. ఒక వానాకాలపు సాయంత్రం ఈదురుగాలికి గంటలో తొమ్మిదిసార్లు కరెంటు పోయి వచ్చింది. తొమ్మిదిసార్లూ డ్రమ్ము బుద్ధిగా తిరిగింది. ఒకటిన్నర రోజుల మేత ఒక గంటలో పడింది. తర్వాత రాత్రంతా కరెంటే లేదు, పంపులు లేవు. తెల్లవారి టార్చి వేసి చూస్తే నీరు పల్చటి బార్లీ జావలా ఉంది, ఇసుక మీద గుళికలు ఉబ్బి తెల్లటి బూజు పట్టి ఉన్నాయి, ఐదు ఆంథియాస్‌లో రెండు రాళ్ల సందులో పక్కకు ఒరిగి ఉన్నాయి. తప్పు యంత్రానిది కాదు, నేను తీసేయని ఆ ఒక్క వరుసది.

అప్పటి నుంచి నా ప్రోగ్రాము మేత వేయాలా వద్దా అన్నది మూడు విషయాలు చూసి నిర్ణయిస్తుంది. ఒకటి, గడియారం నమ్మదగిందేనా? ఇందుకు డీఎస్3231 అనే గడియారపు చిప్పు చాలు, దాని తేడా ఏడాదికి సుమారు ఒక నిమిషమే. అయితే దానికి ఆధారమైన బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు వచ్చాక తేదీ 2000 జనవరి 1కి వెళ్లిపోతుంది. కనుక సంవత్సరం 2024 కన్నా తక్కువ చూపిస్తే మేత వేయకుండా ఎర్ర దీపం వెలిగించాలి. రెండు, ఈ పూట మేత ఇదివరకే పడిందా? తేదీనీ పూట సంఖ్యనూ కరెంటు పోయినా చెరగని మెమరీలో రాసి ఉంచాలి. మూడు, పూట దాటి పదిహేను నిమిషాలు మించిందా? మించితే ఆ పూట వదిలేసి తర్వాతి పూట కోసం ఆగాలి. వదిలేసిన మేతను తర్వాతి పూటకు కలపడం ఎప్పుడూ చేయకండి.

రెండవ విషయంలో ఒక సూక్ష్మం ఉంది, నిజానికి ఈ పాఠంలో మీరు నెమ్మదిగా చదవవలసింది ఇదే. మెమరీలో రాయడం డ్రమ్ము తిరగక ముందు జరగాలా, తిరిగిన తర్వాతా? తర్వాత రాస్తే, డ్రమ్ము తిరిగి మేత పడి, రాసేలోగా కరెంటు పోతే, తిరిగి వచ్చాక ప్రోగ్రాముకు ఆ పూట మేత పడినట్టు తెలియదు, మళ్లీ వేస్తుంది. ముందే రాస్తే, రాసిన తర్వాత డ్రమ్ము తిరిగేలోగా కరెంటు పోయినా ఆ పూటకు మేత పడదు, అంతే. మన నియమం ప్రకారం ముందే రాయాలి. చూడటానికి ఇది రెండు వరుసల స్థానం మార్చడమే.

డ్రమ్ము ఒక చుట్టు పూర్తిచేసిందని తెలుసుకోవడానికి దాని అంచుకు చిన్న అయస్కాంతం అతికించి, ఎదురుగా అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టాం. ఇప్పుడు దానికి ఒక గడువు చేర్చండి: పదిహేను సెకన్లలో అయస్కాంతం కనబడకపోతే మోటారును ఆపి, మిగతా పూటలను కూడా రద్దు చేయాలి. సెన్సరు పాడైతే చుట్లు లెక్కపెట్టలేని ప్రోగ్రాము డ్రమ్మును తిప్పుతూనే ఉంటుంది.

ఇన్ని చేసినా రిలే లోపలి కొనలు వేడికి అతుక్కుపోతే ఏ ప్రోగ్రామూ మోటారును ఆపలేదు. అక్కడ మనల్ని కాపాడేది డ్రమ్ములో ఎంత మేత ఉందన్నదొక్కటే. నిండా 40 గ్రాములు పోస్తే అందులో నత్రజని 2.88 గ్రాములు, అదంతా అమ్మోనియాగా మారితే 600 లీటర్లలో నత్రజని లెక్కన లీటరుకు 4.8 మిల్లీగ్రాములు. మూడు రోజులు ఊరికి వెళ్లేటప్పుడు 5.6 గ్రాములే పోస్తే అదే లెక్క 0.7 దగ్గర ఆగుతుంది. అది కూడా మంచి అంకె కాదు, కానీ చేపలు కొంత తినగా, రాళ్లలోని బ్యాక్టీరియా కొంత మార్చగా గట్టెక్కే అవకాశం ఉంది. డ్రమ్ములో మేత తగ్గితే చుట్టుకు రాలేది కూడా తగ్గుతుంది కాబట్టి, అట్ట ముక్కతో డ్రమ్మును లోపల చిన్నది చేసి, ఆ కొద్ది మేతతోనే మళ్లీ ఇరవై చుట్లు తూచండి. నిండా పోసి నెల రోజులు మరిచిపోదామనే వారికి ఈ పాఠాలు పనికిరావు, తీరప్రాంతపు తేమలో గుళికలు అన్ని రోజులు విడివిడిగా ఉండవు కూడా.

ఇంట్లో ఉన్న రోజుల్లో మేత సరిపోతోందా అని చూసే పద్ధతిని నేను భీమవరం వైపు రొయ్యల రైతుల దగ్గర నేర్చుకున్నాను. వాళ్లు చెరువులో చెక్ ట్రే దించి, కాసేపటికి పైకి లాగి, అందులో మిగిలిన మేతను బట్టి మరుసటి పూట మేతను తగ్గిస్తారు, లేదా పెంచుతారు. మన తొట్టిలో మేత రింగు (గుళికలు చెదరకుండా పట్టే తేలే వలయం) కిందుగా ఇసుక మీద ఒక తెల్ల సాసరు పెడితే చాలు. పది నిమిషాలు అయ్యాక, రిటర్న్ పంపు మొదలయ్యే ముందు దాన్ని చూడండి. అందులో ఐదారు గుళికలకు మించి కనబడితే పూటకు వేస్తున్న ఆ రెండు చుట్ల మేత ఎక్కువైనట్టే. సాసరు ఎప్పుడూ ఖాళీగా ఉండి, ఆంథియాస్ వీపు దగ్గర సన్నబడుతుంటే, చుట్లు పెంచకుండా నాలుగో పూట చేర్చండి.

అభ్యాసం: డ్రమ్మును తొట్టి మీద నుంచి తీసి ఒక పళ్లెం మీద పెట్టండి. ప్రోగ్రాములో మేత వేళను ఐదు నిమిషాల తర్వాతకు మార్చండి. ఆ వేళకు ముందు మూడుసార్లు, డ్రమ్ము తిరుగుతుండగా ఒకసారి, తిరిగిన వెంటనే ఆరుసార్లు ప్లగ్గు పీకి పెట్టండి. పళ్లెంలో ఒక పూట మేత, లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. తర్వాత గడియారపు చిప్పు బ్యాటరీ తీసి ఇదే మళ్లీ చేయండి. ఈసారి పళ్లెం ఖాళీగా ఉండాలి, ఎర్ర దీపం వెలగాలి. రెండు ఫలితాలూ వచ్చే వరకు డ్రమ్మును తొట్టి మీదికి ఎక్కించకండి. ఐదవ పాఠంలో గడ్డకట్టిన మైసిస్ రొయ్యలను చిన్న ఫ్రిజ్‌లో ఉంచి డోసింగ్ పంపుతో వేయడం మొదలుపెడతాం, దానికి ఫ్రిజ్ తలుపు రబ్బరు పక్క నుంచి పోయేంత సన్నని సిలికాన్ గొట్టం ఒక మీటరు తెచ్చి ఉంచుకోండి.