స్పెక్ట్రమ్ ఇంటర్‌ఫేస్ 1తో ప్రింటరు మొరాయిస్తే: సమస్య, కారణం, పరిష్కారం

సింక్లెయిర్ సంస్థ 1982లో తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటరు వెనుక ఉన్న ఎడ్జ్ కనెక్టరుకు (సర్క్యూట్ బోర్డు అంచే కనెక్టరుగా పనిచేసే చోటుకు), అదే సంస్థ తయారుచేసిన చిన్న జెడ్‌ఎక్స్ ప్రింటరు వంటివాటిని తప్ప మామూలు ప్రింటర్లను నేరుగా తగిలించే వీలు లేదు. 1983లో వచ్చిన ఇంటర్‌ఫేస్ 1 ఆ లోటును తీర్చింది. కంప్యూటరు అడుగున మరలతో బిగించే ఈ పెట్టెలో మైక్రోడ్రైవు (చిన్న టేపు నిల్వ పరికరం), నెట్‌వర్కు తగిలించే చోట్లతో పాటు ఒక ఆర్‌ఎస్232 సీరియల్ పోర్టు (బిట్లను ఒకదాని వెంట ఒకటి పంపే పోర్టు) ఉంటుంది. పుణేలోని డెసిబెల్స్ సంస్థ డీబీ స్పెక్ట్రమ్ పేరుతో మన దేశంలో అమ్మిన యంత్రాలకు, ఆ రోజుల్లో విదేశాల నుంచి బంధువులు తెచ్చిన యంత్రాలకు ఈ పెట్టెను బిగించుకున్నవారు నన్ను అడిగేది ఎక్కువగా ప్రింటరు గురించే. నేను ఇక్కడ ఆ సీరియల్ పోర్టు ద్వారా ముద్రించడం గురించి మాత్రమే చెబుతాను.

కరెంటు ఆపకుండా ఎడ్జ్ కనెక్టరులో ఏదీ గుచ్చకూడదని, పీకకూడదని మీకు తెలుసనే అనుకుంటాను. ఆ కనెక్టరు లోహపు గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలే గాని గరుకు కాగితంతో రుద్దకూడదని కూడా తెలుసనుకుంటాను. తుడిచారా అని అడిగితే తుడిచామని అందరూ అంటారు. నా బల్ల మీదికి వచ్చినవాటిలో సగం తుడవనివే. ఈ వ్యాసంలో మిగిలినది చదివే ముందు ఆ ఒక్క పనీ చేయండి.

ఎల్‌ప్రింట్ ఇస్తే వెంటనే ఓకే వస్తుంది, ప్రింటరు కదలదు

ఇది రోగమే కాదు. స్పెక్ట్రమ్ బేసిక్‌లో ఎల్‌ప్రింట్ (వచనాన్ని ముద్రించే ఆజ్ఞ), ఎల్‌లిస్ట్ (ప్రోగ్రామును ముద్రించే ఆజ్ఞ) రెండూ 3వ స్ట్రీముకు, అంటే సమాచారం బయటికి పోయే మూడో దారికి, వెళతాయి, ఆ స్ట్రీము కరెంటు వేసినప్పుడు జెడ్‌ఎక్స్ ప్రింటరు వైపు తెరిచి ఉంటుంది. ఆ చిన్న ప్రింటరు తగిలించి లేకపోతే కంప్యూటరు ఫిర్యాదు చేయదు, ఏమీ చేయకుండా "0 ఓకే" అని తిరిగి వస్తుంది. ఫార్మాట్ "టి";1200 అని వేగాన్ని (సెకనుకు ఇన్ని బిట్లని) నిర్ణయించి, ఓపెన్ #3;"టి" అని స్ట్రీమును సీరియల్ పోర్టు వైపు తిప్పండి. కంప్యూటరును ఆపి వేసిన ప్రతిసారీ ఈ రెండు ఆజ్ఞలూ మళ్ళీ ఇవ్వాలి. ఫార్మాట్ ఇవ్వకపోతే ఇంటర్‌ఫేస్ 9600 వేగంతో పంపుతుంది, ప్రింటరు మరో వేగంలో ఉంటే మొదటి అక్షరం నుంచే చెత్త పడుతుంది.

కాపీ ఆజ్ఞకు మాత్రం ఈ చిట్కా పనిచేయదు. అది స్ట్రీములతో సంబంధం లేకుండా ఎప్పుడూ జెడ్‌ఎక్స్ ప్రింటరునే వెతుకుతుంది, కనుక తెర బొమ్మను పెద్ద ప్రింటరుపై ముద్రించాలంటే దానికి వేరే ప్రోగ్రాము కావాలి.

ఎల్‌ప్రింట్ ఇస్తే కంప్యూటరు బిగుసుకుపోతుంది

క్యాప్స్ షిఫ్టుతో స్పేస్ నొక్కితే బయటికి వస్తుందా? వస్తే అది బిగుసుకుపోలేదు, ప్రింటరు నుంచి "సిద్ధం" అనే మాట కోసం ఎదురు చూస్తోంది. ఆ మాట 4వ పిన్ను మీద రావాలి. ప్రింటరు ఆన్‌లైన్‌లో ఉందో లేదో, కాగితం ఉందో లేదో ముందు చూడండి. అవి సరిగా ఉంటే తప్పు తీగలోనే ఉంటుంది.

ఇక్కడ సింక్లెయిర్ పెట్టిన పేర్లే మనుషులను తప్పుదారి పట్టిస్తాయి. ఆ సంస్థ పుస్తకంలో 2వ పిన్నును టీఎక్స్ అన్నారు, కాని అది కంప్యూటరులోకి వచ్చే దారి. 3వ పిన్నును ఆర్‌ఎక్స్ అన్నారు, కాని అది కంప్యూటరు నుంచి బయటికి పోయే దారి. డీటీఆర్ అని పిలిచే 4వ పిన్ను లోపలికి, సీటీఎస్ అని పిలిచే 5వది బయటికి. 7వది గ్రౌండు, 9వది 9 వోల్టులు. పేర్లన్నీ అవతల తగిలించిన పరికరం కోణం నుంచి పెట్టినవని గుర్తుపెట్టుకుంటే గందరగోళం పోతుంది. ముద్రణకు కావలసినవి మూడే తీగలు: ఇటు 3 నుంచి ప్రింటరు 25 పిన్నుల కనెక్టరులో 3కు, ఇటు 7 నుంచి అటు 7కు, అటు 20 నుంచి ఇటు 4కు.

తొమ్మిది పిన్నుల కనెక్టరు కనబడగానే పీసీ సీరియల్ తీగను గుచ్చేవారు ఉన్నారు. వారిని నేను తప్పుపట్టను, ఎందుకంటే 2, 3 పిన్నులు దిశలో పీసీతో యాదృచ్ఛికంగా కలుస్తాయి. కాని పీసీలో గ్రౌండు 5వ పిన్ను, ఇక్కడ 7వది. పీసీలో 4వ పిన్ను బయటికి పోయేది, ఇక్కడ లోపలికి వచ్చేది. ఆ తీగతో ఇంటర్‌ఫేసు 5వ పిన్ను నుంచి వెలువడే సంకేతం ప్రింటరు గ్రౌండు మీద పడుతుంది, అసలు గ్రౌండు ఎక్కడా కలవదు. తీగను మీరే చేసుకోండి. కనెక్టర్లు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈనాటికీ దొరుకుతాయి, సోల్డరు చేయవలసిన చోట్లు ఆరే.

చిన్న పరీక్ష బాగుంటుంది, పెద్ద లిస్టింగులో అక్షరాలు మాయమవుతాయి

నన్ను రెండు ఆదివారాలు తినేసిన రోగం ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను.

పాత సామాను అమ్మే ఒకచోట ఒక ప్రింటరుతో పాటు దాని తీగ కూడా దొరికింది. పది వరుసల ప్రోగ్రామును ఎల్‌లిస్ట్ చేస్తే ముత్యాల్లా పడింది. అదే తీగతో మూడు వందల వరుసల ప్రోగ్రామును పంపితే మొదటి పేజీ శుభ్రంగా వచ్చి, ఆ తర్వాత ఎక్కడో ఒక వరుస మధ్యలో నాలుగైదు అక్షరాలు ఎగిరిపోయాయి, ఇంకొంచెం కిందికి వెళితే రెండు వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వేగం 1200 నుంచి 300కు తగ్గించగానే అంతా సరిపోయింది. అందువల్ల తప్పు వేగంలోనే ఉందని తీర్మానించుకుని, ప్రింటరు సీరియల్ కార్డును, దాని స్విచ్చులను, చివరికి ఇంటర్‌ఫేసు పెట్టెను కూడా అనుమానించి విప్పాను. తీగను మాత్రం విప్పలేదు, ఎందుకంటే అది పనిచేస్తున్నట్టు కళ్ళకు కనబడుతోంది కదా.

చివరికి కనెక్టరు పైతొడుగు విప్పితే లోపల 9వ పిన్ను నుంచి 4వ పిన్నుకు వేలెడు కూడా లేని ఎర్ర తీగ ఒకటి సోల్డరు చేసి ఉంది. 9లో ఎప్పుడూ వోల్టేజి ఉంటుంది, కనుక 4 ఎప్పుడూ "సిద్ధం" అనే చెబుతుంది. ప్రింటరు నుంచి రావలసిన 20వ పిన్ను తీగ అసలు లేనే లేదు. ఎవరో ఒకప్పుడు పరీక్ష కోసం పెట్టి, పని నడిచింది కదా అని తొడుగు మూసేసిన అతుకు అది. పరీక్షకు అది మంచి పద్ధతే, నేనూ వాడతాను; దాన్ని లోపలే వదిలి తొడుగు బిగించడమే పాపం.

వేగం తగ్గిస్తే ఎందుకు బాగవుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. 1200 వేగంలో సెకనుకు 110 నుంచి 120 అక్షరాలు వెళతాయి. ఎప్సన్ ఎంఎక్స్-80 వంటి ప్రింటరు సెకనుకు 80 అక్షరాలు కొడుతుంది. మిగిలిన 30, 40 అక్షరాలు ప్రతి సెకనూ ప్రింటరు బఫరులో (అందిన అక్షరాలను తాత్కాలికంగా దాచుకునే చోట) పేరుకుంటాయి. 2 కిలోబైట్ల బఫరు ఉంటే అది నిండడానికి ఒక నిమిషం అటూ ఇటూ పడుతుంది. వరుస చివర తల వెనక్కి రావడానికి, కాగితం జరగడానికి పట్టే సమయం కలిపితే అంతకన్నా ముందే నిండుతుంది. నిండిన తర్వాత ప్రింటరు "ఆగు" అంటుంది, కాని ఆ మాట వినే చెవిని ఎర్ర తీగ మూసేసింది. 300 వేగంలో సెకనుకు 30 అక్షరాలే వస్తాయి కాబట్టి బఫరు ఎన్నడూ నిండదు, ఆగమనే అవసరమే రాదు. అదే 9600 వద్ద అయితే రెండు మూడు సెకన్లలోనే నిండిపోతుంది కనుక తప్పు వెంటనే బయటపడేది. నేను జాగ్రత్తపడి 1200 ఎంచుకోవడమే దాన్ని దాచిపెట్టింది. బఫరు చాలా పెద్దదిగా ఉండే కొత్త డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో ఈ తప్పు ఏళ్ళ తరబడి కనబడకపోవచ్చు; పాత ప్రింటరు తగిలించిన రోజున నింద పాపం ఆ ముసలి ప్రింటరు మీద పడుతుంది.

కనుక గుర్తు ఇది: మొదటి అక్షరం నుంచీ చెత్త పడితే వేగం కలవలేదు, మొదట శుభ్రంగా వచ్చి, కొంతసేపటికి అక్షరాలు రాలిపోవడం మొదలైతే 4వ పిన్ను. కాగితం ఖర్చు లేని పరీక్ష కూడా ఉంది. ప్రింటరును ఆఫ్‌లైన్‌లో పెట్టి ఒక పెద్ద ప్రోగ్రామును ఎల్‌లిస్ట్ చేయండి. కంప్యూటరు ఎదురు చూస్తూ ఉండిపోవాలి. తెర మీద "0 ఓకే" వచ్చిందంటే అది ఎవరి మాటా వినడం లేదు.

ఇంకా లోతుగా చూడాలంటే, ఇంటర్‌ఫేస్ 1 ఈ సంకేతాన్ని 239వ పోర్టులో 3వ బిట్టుగా చూపిస్తుంది. లెట్ ఎ=ఇన్ 239: ప్రింట్ ఇంట్ (ఎ/8)-2*ఇంట్ (ఎ/16) అని ఇచ్చి వచ్చిన అంకెను చూడండి; ప్రింటరు ఆన్‌లైన్ బటన్ నొక్కి మళ్ళీ ఇవ్వండి. అంకె మారాలి. మారకపోతే తీగను రెండు వైపులా పీకి మల్టీమీటరు పెట్టండి: ఇటు 4కు, అటు 20కి మధ్య బీప్ రావాలి, ఇటు 4కు, 9కి మధ్య రాకూడదు. ఈ రెండో కొలత ఎవరూ తీసుకోరు. తీగ తెగిందేమోనని చూస్తారు గాని, కలవకూడని చోట కలిసిందేమోనని చూడరు.

తీగ సరిగా ఉన్నా అంకె మారకపోతే, ఆ ప్రింటరు 20వ పిన్నును ఎప్పుడూ పైనే నిలిపి, "ఆగు" అనే సంకేతాన్ని 11వ పిన్ను మీద ఇచ్చే రకం కావచ్చు. ప్రింటరు పుస్తకంలో పిన్నుల పట్టిక చూసి ఆ తీగను 20 నుంచి 11కు మార్చండి. ప్రింటరు స్విచ్చులు ఎక్స్ఆన్, ఎక్స్ఆఫ్ పద్ధతిలో (ఆగు, పంపు అనే మాటలను వేరే తీగ మీద కాక కోడ్లుగా పంపే పద్ధతిలో) ఉన్నా ఇవే లక్షణాలు వస్తాయి; ఆ భాష ఇంటర్‌ఫేస్ 1కు ముద్రణలో అర్థం కాదు, కనుక డీటీఆర్ పద్ధతికి మార్చాలి.

వరుసల మధ్య ఖాళీ, లేదా అన్నీ ఒకే వరుస మీద

వచనం పంపే "టి" ఛానెలు ప్రతి వరుస చివర 13 (తలను వరుస మొదటికి తెచ్చేది), దాని వెంట 10 (కాగితాన్ని జరిపేది) కోడ్లను తానే పంపుతుంది. ప్రింటరులో ఆటో లైన్ ఫీడ్ స్విచ్చు వేసి ఉంటే కాగితం రెండుసార్లు జరుగుతుంది. స్విచ్చు తీసేయండి. కోడ్లను ఉన్నవి ఉన్నట్టే పంపే "బి" ఛానెలు 13 ఒక్కటే పంపుతుంది కాబట్టి, స్విచ్చు తీసిన తర్వాత "బి"తో ముద్రిస్తే అన్ని వరుసలూ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి గీత మిగులుతుంది. స్విచ్చును అటూ ఇటూ మారుస్తూ కూర్చోకుండా, తొలగించి ఉంచి, వచనానికి ఎప్పుడూ "టి" వాడండి.

ఎస్కేప్ కోడ్లు పనిచేయవు

"టి" ఛానెలు 32 కన్నా తక్కువ కోడ్లలో 13ను తప్ప దేన్నీ ముందుకు పోనివ్వదు. ప్రింటరుకు ఆజ్ఞ మొదలైందని చెప్పే సీహెచ్ఆర్$ 27 (ఎస్కేప్) అక్కడే రాలిపోతుంది, దాని వెంట పంపిన అక్షరం మాత్రం కాగితం మీద పడుతుంది. లావు అక్షరాలు అడిగితే ఒంటరిగా ఒక "ఈ" ముద్రితమైందంటే జరిగింది ఇదే. దానికి ఓపెన్ #4;"బి" అని మరో స్ట్రీము తెరిచి, ప్రింట్ #4;సీహెచ్ఆర్$ 27;"ఈ"; అని ఆ ఒక్క ఆజ్ఞను దాని ద్వారా పంపండి. చివరి సెమికోలన్ మరవకండి, లేకపోతే వెంట 13 కూడా పోతుంది. లిస్టింగును మాత్రం "బి" ద్వారా పంపవద్దు. బేసిక్ మాటలన్నీ ఒక్కొక్క కోడుగా దాచి ఉంటాయి, వాటిని విడమరిచి అక్షరాలుగా మార్చేది "టి" మాత్రమే. వాడుకరి బొమ్మలు, గళ్ళ బొమ్మలు "టి"లో ప్రశ్నార్థకాలుగా పడటం లోపం కాదు, దాని తీరే అంత.

అరుదైనవి

స్పెక్ట్రమ్ 128 నమూనాలో ఎల్‌ప్రింట్ ఆ యంత్రపు సొంత సీరియల్ పోర్టుకు పోతుంది; స్పెక్ట్రమ్ అనే ఆజ్ఞతో 48 బేసిక్‌లోకి దిగి ప్రయత్నించండి. 23296 నుంచి ఉండే 256 బైట్ల ప్రింటరు బఫరును 128 బేసిక్ తన సొంతానికి వాడుకుంటుంది కనుక, జెడ్‌ఎక్స్ ప్రింటరుకు కూడా 48 లోకే దిగాలి. వేగాలు కలిసినా కొన్ని అక్షరాలే మారిపోతుంటే ప్రింటరు స్విచ్చులు 8 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్టు) లేదు అని ఉన్నాయో లేదో చూడండి. ముద్రణ మధ్యలో కంప్యూటరు తనంతట తాను తిరిగి మొదలైతే ఎడ్జ్ కనెక్టరు కదులుతోంది, అడుగున మరలు బిగించండి. ఇంటర్‌ఫేసులోని చిప్పు కాలిపోయిన కేసు నాకు ఒక్కటే తగిలింది. పైవన్నీ పరీక్షించకుండా చిప్పు కొనవద్దు.